కాగితం కోరుట్లది, రంగు సిరిసిల్లది

1909లో అచ్చయిన ఇంపీరియల్ గెజిటీర్ హైదరాబాద్ సంపుటంలో కోరుట్లకు దక్కిన చోటు చాలా తక్కువ. జగిత్యాల తాలూకాలోని ఊరు, అక్కడ ముతక కాగితం తయారవుతుంది, పట్వారీలు లెక్కల పుస్తకాలకు దాన్ని విరివిగా వాడుతారు. చెప్పింది దాదాపు అంతే. రంగు సిరాల మీద మమకారం ఉన్నవాళ్లకు ఆ నాలుగు ముక్కలే పెద్ద నిధి. కొత్త సిరా ఏది చేతికొచ్చినా నేను ముందు అడిగేది దీన్ని ఏ కాగితం మీద రాయాలనే.

మన దేశపు చేతికాగితం తయారీలో ఆఖరి పని గంజి పట్టించడం. ఆరాక నున్నటి రాయితో రుద్ది మెరుగు పెట్టేవారు. ఆ గంజి పొర లేకపోతే రెల్లు కలం మోపిన చోటల్లా సిరా వేళ్లు పాకి, శిస్తు లెక్క చదవరాకుండా పోతుంది. సిరిసిల్లలో నూలుకు గంజి పెట్టేవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. మగ్గం మీద పోగు తెగకుండా వాళ్లు గంజి పెడతారు, అక్షరం చెదరకుండా కాగితం చేసేవాళ్లు పెట్టారు. పత్తి పోగులోనూ కాగితంలోనూ ఉండేది ఒకే పదార్థం, సెల్యులోజ్. రంగు సిరాల కథ ఎన్ని దేశాలు తిరిగినా చివరికి ఈ సెల్యులోజ్ దగ్గరికే వచ్చి ఆగుతుంది.

రంగుల కన్నా ముందు నలుపు సంగతి చూడాలి. మన పల్లెల్లో పాతతరం సిరా అంటే కరక్కాయ సిరా. కరక్కాయ పెచ్చులను నలగ్గొట్టి, నీళ్లలో నానబెట్టి, కాచి వడగడతారు. అందులో అన్నభేది పొడి కలుపుతారు. కాస్త తుమ్మజిగురు పడితే సిరా గీతలో నిలుస్తుంది. కరక్కాయలో వగరు పుట్టించే టానిన్లు ఉంటాయి, అన్నభేదిలో ఇనుము ఉంటుంది. రెండూ కలిసి నీళ్లలో కరిగి ఉండే ఒక సమ్మేళనం అవుతాయి. దానితో రాసిన గీత మొదట బూడిదరంగులో పాలిపోయి కనిపిస్తుంది. గాలి తగిలేకొద్దీ ఇనుము ఆక్సీకరణం చెంది, కాగితపు పీచుల్లోపలే నల్లటి కరగని పదార్థంగా మారుతుంది. ఇక నీళ్లు పోసినా పోదు. సాయంత్రం రాసింది తెల్లారేసరికి కాటుకలా కనిపిస్తుంది. సిరా రాసినప్పుడు కాదు, రాసిన తర్వాత పూర్తవుతుందన్న ఆలోచన నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఇనుము ఈ ప్రాంతానికి కొత్తది కాదు. కోరుట్ల నుంచి మెట్‌పల్లి దాటి పోతే వచ్చే కోనసముద్రంలో మూసల్లో కరిగించి ఉక్కు తీసేవారు. 1820ల్లో నిజాం రాజ్యంలో తిరిగిన హెన్రీ వోయ్‌సీ అనే శాస్త్రవేత్త ఆ పని చూసి రాసిపెట్టాడు. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవారు. ఖడ్గంలో పేరు తెచ్చుకున్న లోహమే పట్వారీ గీతలో నలుపయింది.

అయితే ఈ కరక్కాయ సిరాకు రెండు గుణాలున్నాయి. ఇది ఆమ్లం, పైగా అడుగున మడ్డి దిగుతుంది. రెల్లు కలానికీ వెదురు కలానికీ ఇబ్బంది లేదు, ముంచి రాసి తుడిచేస్తారు. ఉక్కు పాళీని మాత్రం ఇది కొరుక్కు తింటుంది. అన్నభేది పాలు ఎక్కువైతే కాలం గడిచేకొద్దీ కాగితాన్నీ తింటుంది. పాత దస్తావేజుల్లో అక్షరం ఉన్న మేరకే కాగితం చిల్లులు పడి కనిపించేది అందుకే.

సిరాలోకి రంగు వచ్చింది కూడా ఈ నల్లసిరాను బాగుచేయబోయే ప్రయత్నంలోనే. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో హెన్రీ స్టీఫెన్స్ అనే వైద్యుడు ఉండేవాడు. చదువుకునే రోజుల్లో కవి జాన్ కీట్స్‌తో ఒకే చోట అద్దెకున్నాడు. 1832లో సిరా వ్యాపారం మొదలుపెట్టాడు. అతని ధ్యాసంతా మడ్డి దిగని సిరా మీద. మడ్డి దిగకుండా ఉండాలంటే సీసాలో ఉన్నంతసేపూ ఇనుము నల్లబడకూడదు. అలా ఆపితే రాసేటప్పుడు గీత కంటికి ఆనదు. ఆ లోటు తీర్చడానికి సిరాలో నీలం కలిపారు. జర్మనీలో ఆగస్ట్ లియోన్‌హార్డి 1850ల మధ్యలో ఇదే పనిని నీలిమందుతో చేసి పేటెంటు తీసుకున్నాడు. రాస్తున్నప్పుడు నీలంగా ఉండి తర్వాత నల్లబడే ఆ సిరానే మన తాతలు బ్లూబ్లాక్ అన్నారు. నలుపు వచ్చేదాకా అక్షరాన్ని కాపాడే పనికి నీలాన్ని తెచ్చుకున్నారు. రంగే గొప్పగా ఉండాలన్న కోరిక అప్పటికింకా ఎవరికీ లేదు.

ఆ కోరికకు దారి వేసినవాడు పద్దెనిమిదేళ్ల కుర్రాడు. 1856 ఈస్టర్ సెలవుల్లో విలియం పెర్కిన్ లండన్‌లోని తన ఇంట్లో మలేరియాకు మందు క్వినైన్‌ను కృత్రిమంగా తయారు చేయబోయాడు. మందు రాలేదు గాని, గాజు పాత్రలో మిగిలిన నల్లటి ముద్దను స్పిరిటుతో కడిగితే ఊదారంగు ద్రవం వచ్చింది. తారు నుంచి తీసిన అనిలిన్‌తో ప్రపంచంలోని రంగులన్నీ చేయొచ్చన్న పరుగు అక్కడ మొదలైంది. 1861లో మిథైల్ వయొలెట్ వచ్చింది. 1870ల్లో హైన్రిక్ కారో చేతిలో ఇయోసిన్ వచ్చింది. పంతుళ్లు మన నోటుపుస్తకాల్లో తప్పులు దిద్దిన ఎర్రసిరాలు ఎన్నింటికో అదే మూలం. ఎండకు ఆ ఎరుపు ఎంత తొందరగా వెలిసిపోతుందో పాత పుస్తకాలు చూసినవాళ్లకు తెలుసు. అంతకుముందు మనకు ఎరుపంటే లక్క, లేదా ఇంగిలీకం. ఇంగిలీకం నీళ్లలో కరగని ఖనిజం. సీసా కదిలిస్తేనే రంగు పైకొస్తుంది. ఈ కొత్త రంగులు నీళ్లలో పూర్తిగా కరిగాయి. సన్నటి దారుల గుండా సిరా నడవాల్సిన కలానికి ఇంతకంటే కావాల్సింది లేదు.

ఇక 1884. నా దృష్టిలో రంగు సిరాల చరిత్రలో అంతకంటే ముఖ్యమైన సంవత్సరం లేదు.

ఆ ఏడాది న్యూయార్క్‌లో లూయిస్ వాటర్‌మన్ ఫౌంటెన్ పెన్నుకు పేటెంటు పొందాడు. సిరా కిందికి దిగినంత మేర గాలి పైకి వెళ్లేలా పాళీ కింద ఉండే నాలుక మీద సన్నటి కాలువలు పెట్టడం అతను చేసిన పని. అదే ఏడాది జర్మనీలో పాల్ బోటిగర్ కాంగో రెడ్ అనే రంగుకు పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడాది స్విట్జర్లాండ్ రసాయనవేత్త యోహాన్ హైన్రిక్ జీగ్లర్ టార్ట్రజైన్ అనే పసుపు రంగును కనిపెట్టాడు. ఒకరి పని మరొకరికి తెలిసి చేసింది కాదు. కానీ ఇవాళ మనం కొనే రంగు సిరా సీసాను ఈ మూడూ కలిసిన చోటుగా చూడొచ్చు.

కాంగో రెడ్ ఎందుకంత పెద్ద విషయమో సిరిసిల్ల అద్దకం పనివాళ్లను అడిగితే తేలిగ్గా చెబుతారు. పత్తికి రంగు ఊరికే పట్టదు. పట్టుకూ ఉన్నికీ ఉన్న పట్టు దానికి లేదు. అందుకే మన కలంకారీ వాళ్లు ముందు గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి, పటిక నీటితో గీసి, ఆ తర్వాతే ఎరుపు దిగే వేరుతో కాచేవారు. కాంగో రెడ్‌కు ఆ తంతేమీ అక్కర్లేదు. వేడినీళ్లు, ఉప్పు, రంగు, అంతే. పత్తి దాన్ని లాక్కుంటుంది. దాని అణువు పొడవుగా, బల్లపరుపుగా ఉండి సెల్యులోజ్ గొలుసు వెంబడి పడుకుంటుంది. దీని తర్వాత వచ్చిన ఈ కుటుంబపు రంగులనే డైరెక్ట్ రంగులంటారు. కాగితమూ సెల్యులోజే కాబట్టి ఇవి కాగితాన్నీ అలాగే పట్టుకుంటాయి. ఒక రంగు సిరా నీటిచుక్క పడగానే కరిగిపోతే, మరొకటి పట్టుకుని నిలబడటంలో పెద్ద పాత్ర ఈ అణువు ఆకారానిదే.

ఈ గుణం ప్రకృతిలో అరుదుగానైనా ముందే ఉంది. కోరుట్ల, మెట్‌పల్లి రైతులు పండించే పసుపులోనే ఉంది. పసుపు మరక పడిన తెల్లగుడ్డను ఉతికినవాళ్లు పడ్డ అవస్థకు కారణం అదే. కర్కుమిన్ ఏ పటికా అడగకుండా పత్తిని పట్టేసుకుంటుంది. 1815లో ఫ్రాన్సులో వోగెల్, పెల్టియే అనే ఇద్దరు దాన్ని విడదీశారు. కోరుట్ల కాగితానికి కోరుట్ల పసుపుతోనే సిరా ఎందుకు చేయకూడదని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది, చేసి చూశాను. కర్కుమిన్ నీళ్లలో కరగదు, స్పిరిటులో కరుగుతుంది. పొడిని స్పిరిటులో నానబెట్టి, తేటను వడగట్టి, ముంచి రాసే పాళీతో రాస్తే తంగేడుపువ్వు లాంటి నిండు రంగు వస్తుంది. ఆ గీత మీద సున్నపుతేట తగిలితే ఎర్రగా తిరుగుతుంది. మన ఇళ్లల్లో పారాణి కలిపే పద్ధతే అది. ఒకే సిరాతో రెండు రంగుల అక్షరం రాయొచ్చు. కానీ ఫౌంటెన్ పెన్నులో ఇది నడవదు. స్పిరిటు ఆరగానే కర్కుమిన్ గట్టిపడి నాలుక కాలువలు మూసుకుపోతాయి, కొన్ని రకాల ప్లాస్టిక్ పెన్నులకు స్పిరిటే చేటు. పైగా ఎండలో పెడితే రంగు చూస్తుండగా వెలిసిపోతుంది. కాలిగ్రఫీకి, అదీ చీకటి పెట్టెలో దాచుకునే కాగితానికి మాత్రమే పనికొచ్చే సిరా ఇది.

ఫౌంటెన్ పెన్ను సిరా అడిగేవి చాలా ఉన్నాయి. రంగు పూర్తిగా కరగాలి. నీటి తలతన్యత తగినంత తగ్గాలి, ఎక్కువ తగ్గితే కాగితం మీద వేళ్లు పాకుతుంది. పాళీ కొస తొందరగా ఆరకుండా చిటికెడు గ్లిజరిన్ లాంటిది కావాలి, ఎక్కువైతే అక్షరం ఆరదు. బూజు పట్టకుండా మందు కావాలి. పాత సిరా బుడ్డీ మూత తీయగానే ఆసుపత్రి వాసన వచ్చేది దానివల్లే, అందులో ఫినాల్ ఉండేది. పార్కర్ కంపెనీ 1931లో క్వింక్ తెచ్చినప్పుడు దాని గొప్ప అంతా తొందరగా ఆరడమే. అదే ఏడాది దండేకర్ అనే మరాఠీ యువకుడు బొంబాయిలో హార్స్ బ్రాండు సిరాపొడి, సిరాబిళ్లలతో మొదలుపెట్టిన వ్యాపారమే తర్వాత కామ్లిన్ అయింది. బిళ్లను నీళ్లలో వేసి సిరా కలుపుకోవడం మన బడుల్లో చాలాకాలం నడిచింది. మరుసటి ఏడాది, 1932లో, గాంధీజీ సూచన పట్టుకుని రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం స్వదేశీ ఫౌంటెన్ పెన్ను చేశాడు. 1935 జూలై 16న గాంధీజీ ఆయనకు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. హైదరాబాద్ అబిడ్స్‌లోని దక్కన్ పెన్ స్టోర్స్ అంతకు ముందే, 1928లో తెరుచుకుంది. ఎబొనైట్ కలంలో డ్రాపర్‌తో పోసిన సిరాను, చేతి వేడికి వ్యాకోచించిన లోపలి గాలి బయటికి కక్కిస్తుంది. అందుకే మన వాతావరణానికి మరీ పలచగా పారే సిరా సరిపడదు.

ఇప్పుడు కొత్త రంగు సంగతి. నాకు కావలసింది ఒక ఆకుపచ్చ. జగిత్యాల చుట్టూ మామిడితోటలు, చల్‌గల్‌లో మామిడి మార్కెట్. ఆ కాయ రంగు నాకు సిరాలో కావాలి. సన్నగీతలో లేతగా, సిరా నిలిచిన చోట ముదురుగా ఉండాలి.

దీనికి ముఖ్యంగా రెండు రంగులు కావాలి. ఒకటి 1884 నాటి టార్ట్రజైన్, రెండోది బ్రిలియంట్ బ్లూ. రెండూ తినుబండారాల్లో వాడకానికి అనుమతి ఉన్న రంగులే, ఫౌంటెన్ పెన్ను సిరాల్లోనూ వాడేవే. మిఠాయి దుకాణంలో పచ్చరంగు చాలావరకు ఈ రెండింటి కలయికే. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. బజారులో దొరికే రంగు పొట్లాల్లో రంగుతోపాటు ఉప్పో చక్కెరో కలిసి ఉంటుంది. చక్కెర పాళీని జిగురు చేస్తుంది, ఉప్పు ఉక్కును తుప్పు పట్టిస్తుంది. వీలైనంత శుద్ధమైన రంగే తీసుకోవాలి. డిస్టిల్డ్ వాటర్‌లో పసుపును ఎక్కువగా, నీలాన్ని చుక్క చుక్కగా కలుపుతూ పోవాలి. నీలం బలమైనది, ఒక్క చుక్క ఎక్కువైతే వెనక్కి రాదు. ఆ పచ్చ మరీ బొమ్మలపచ్చగా ఉంటుంది. అణువంత ఎరుపు తగిలితే మట్టివాసన వచ్చి కాయ రంగులో పడుతుంది.

ఎరుపు ఎంపికలోనే చాలామంది దెబ్బతింటారు. నీళ్లలో కరిగే రంగులు రెండు జాతులు, రుణ విద్యుత్తు ఉన్నవి, ధన విద్యుత్తు ఉన్నవి. టార్ట్రజైన్, బ్రిలియంట్ బ్లూ, ఇయోసిన్ మొదటి జాతివి. మిథైల్ వయొలెట్ రెండో జాతిది. ఈ జాతిని ఆ జాతితో కలిపితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని అడుగున ముద్దయ్యే అవకాశం ఎక్కువ. అది పెన్నులో జరిగితే పెన్ను పోయినట్టే. అందుకే ఏ రెండు సిరాలు కలిపినా గాజు గ్లాసులో ఉంచి, మడ్డి దిగలేదని చూశాకే పెన్నులో పోయాలి.

కలిపిన సిరాలో ఏముందో చూపించడానికి అద్దుడుకాగితం చాలు. ముక్క మీద చుక్క పెట్టి, కొసను నీళ్లలో ఆనిస్తే నీరు ఎగబాకుతూ రంగులను విడదీసుకుంటూ పోతుంది. కాగితాన్ని తక్కువగా పట్టుకున్నది ముందు, ఎక్కువగా పట్టుకున్నది వెనక. జర్మన్ రసాయనవేత్త రూంగే 1850ల్లోనే అద్దుడుకాగితం మీద ఇలాంటి రంగుల వలయాలు పుట్టించి, వాటితో పుస్తకమే వేశాడు. తారులో అనిలిన్‌ను గుర్తించిన తొలివారిలో ఒకడు కూడా ఆయనే. నల్లసిరా చుక్కలోంచి ఊదా, పసుపు, నీలం బయటికి రావడం పిల్లలకు చూపించండి, రసాయనశాస్త్రం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

కొత్త సిరాను పరీక్షించడానికి తెలుగు లిపి అద్భుతంగా పనికొస్తుంది. ఇంగ్లిషు అక్షరంలో గీత సాగిపోతుంది. మన అక్షరంలో కలం గుండ్రంగా తిరిగి, మొదలుపెట్టిన చోటికి వచ్చి ఆగుతుంది. సున్న మూసుకునే చోట, తలకట్టు విరిచే చోట, కొమ్ము దీర్ఘం చివర్లో సిరా గుమిగూడుతుంది. రంగులో లేత-ముదురు తేడా ఉంటే అక్కడే తేలుతుంది. వెడల్పు పాళీతో ‘జగిత్యాల’ అని రాస్తే ‘జ’ మెలికలో లేతపచ్చ, ‘త్యా’ వత్తు చివర ముదురుపచ్చ. తన కవితలకు తానే బొమ్మలు గీసుకున్న జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ నలుపు ఒక్కదానితోనే అంత బలం చూపించాడు. రంగుకు ఆ బలం రావాలంటే గీత బరువు తెలిసిన చేయి కావాలి.

నోటుపుస్తకపు చవక కాగితం మీద ఈ పచ్చ కాస్త పాకింది. మందపాటి డ్రాయింగ్ షీటు మీద గీత గీతలా నిలిచింది. గంజి బాగా పట్టిన నున్నటి కాగితం మీద మాత్రం దాని అందం వేరు. రంగు లోపలికి ఇంకకుండా పైన ఆరుతుంది కాబట్టి ముదురు అంచు కడుతుంది. కొన్ని నీలం సిరాలకు ఇలాంటి కాగితం మీద ఎర్రటి మెరుపు వస్తుంది. గాఢంగా ఆరిన రంగుపొర కొన్ని కాంతి కిరణాలను అద్దంలా తిప్పికొట్టడం వల్ల వచ్చేది అది. కోరుట్ల కాగితం చేసేవాళ్లు రాయితో రుద్ది మెరుగుపెట్టింది పట్వారీ లెక్క కోసమే గాని, ఇవాళ్టి రంగు సిరాలకు సరిగ్గా అలాంటి కాగితమే కావాలి.

నీటిచుక్క పరీక్షలో ఈ పచ్చ నిలవలేదు. టార్ట్రజైన్ చిన్న అణువు, సెల్యులోజ్‌ను పెద్దగా పట్టదు. చుక్క పడగానే అక్షరం జాడ మిగిల్చి కరిగింది. ఎండ పరీక్ష మరోరకం. కాగితాన్ని సగం కప్పి కిటికీలో పెడితే, కప్పని సగంలో పచ్చ మెల్లగా పసుపు వైపు నడిచింది. బ్రిలియంట్ బ్లూ కుటుంబానికి ఎండను తట్టుకునే శక్తి తక్కువ, టార్ట్రజైన్ కొంత నయం. అందుకే నీలం ముందు పోతుంది.

ఉత్తరం రాసుకోవడానికి ఇది చాలు. దస్తావేజుకు చాలదు. దానికి మళ్లీ బట్టల దగ్గరికే వెళ్లాలి. 1956లో, పెర్కిన్ ఊదా రంగుకు సరిగ్గా నూరేళ్లకు, బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీ ప్రోసియన్ అనే రియాక్టివ్ రంగులు విడుదల చేసింది. ఇవి సెల్యులోజ్‌ను పట్టుకుని ఊరుకోవు, రసాయన బంధం కట్టుకుని దానిలో భాగమైపోతాయి. కాగితానికి అతుక్కుని నీళ్లకు చెరగని రంగు సిరాలు కొన్ని ఈమధ్య కాలంలో ఇదే ఆలోచనతో వచ్చాయి. గుడ్డ కోసం పుట్టిన రంగు కలంలోకి రావడం మొదటిసారి కాదు, ఆఖరిసారీ కాదు.

ఇలా ఒక ఊరి రంగును సిరాగా చేసి ఆ ఊరి పేరు పెట్టడం కొందరికి విడ్డూరంగా అనిపించవచ్చు. జపాన్‌లోని కోబె నగరాన్ని 1995 జనవరిలో భూకంపం కుదిపేసింది. తిరిగి లేచిన ఆ నగరంలోని నాగసావా స్టేషనరీ దుకాణం 2007లో కోబె రంగులతో సిరాలు మొదలుపెట్టింది. కొండల పచ్చ, రేవు నీలం, పాత వీధుల గోధుమరంగు ముందుగా వచ్చాయి. ఆ వరుస పెరుగుతూ పోయి ఇవాళ పెన్ను ప్రేమికులు కోబెను ఆ సీసాల ద్వారా గుర్తుపడుతున్నారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, మన ఈ మూడు ఊళ్లకు రంగులు తక్కువా? మామిడి పచ్చ ఉంది, పసుపు ఉంది, సిరిసిల్ల చీరల్లో లేని రంగంటూ లేదు. రంగుల పాళ్లు కళ్లతో చూసి చెప్పగల పనివాళ్లు అక్కడే ఉన్నారు.

ఆ చేతులతో సిరా చేయాలంటే రంగు ఎంపికలో ఒక గట్టి నియమం పెట్టుకోవాలి. కాంగో రెడ్ లాంటి పాత డైరెక్ట్ రంగులు బెంజిడిన్ నుంచి పుట్టినవి. బెంజిడిన్ మూత్రాశయ క్యాన్సర్ తెస్తుంది. ఆ రంగులను మన ప్రభుత్వం 1990ల్లో నిషేధించింది. పిల్లల వేళ్లకు అంటే సిరాలో వాటి ఛాయ కూడా ఉండకూడదు. బెంజిడిన్ లేని డైరెక్ట్ రంగులు ఇప్పుడు ఉన్నాయి. వాటిలో అద్దకం కోసం కలిపే ఉప్పును తీసేసి, సన్నటి ఫిల్టరులో వడగట్టి, ముందు ముంచి రాసే పాళీతో, తర్వాత పోయినా బాధలేని చవక పెన్నుతో చూడాలి. నేను తర్వాత చేయబోయేది కోరుట్ల పసుపు రంగు. తెల్లకాగితం మీద పసుపు కంటికి ఆనదు కాబట్టి దాన్ని నారింజ వైపు ఎంత జరపాలన్నదే ఇప్పుడు తేలాల్సింది.